గొడుగన్న మాట

మా తమ్ముడు వెల్లకిలా పడుకుంటే చొక్కా బొత్తాం కదిలేది. బొడ్డుకి కాస్త పైన ఉండే బొత్తాం. లేచేది, పడేది, లేచేది, పడేది. వాడి పెళ్ళాం అది చూసి చాలాకాలం నవ్వుకుందట. "గుండె జారి కడుపులో పడిందండీ మీకు" అని ఆటపట్టించేదట. వాడూ నవ్వేవాడట. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఆ పిల్లకి ముద్ద దిగదు. పిల్ల అంటున్నాను గానీ దానికీ మోకాళ్ళ నొప్పులొచ్చేశాయి. నాకు మరదలు కాబట్టి నా కంటికి పిల్లే.

అసలు ఆ జబ్బు దొరికింది వేరే దానికోసం వెతుకుతుంటే. వాడికి మూత్రం మంటగా ఉందంటే, కిడ్నీలో రాయేమో, స్కాన్ తీయించమన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఒంటరిగా పంపిస్తే ఆసుపత్రి మెట్ల మీద నుంచే తిరిగొచ్చే రకం వాడు. స్కాన్ గదిలో చీకటి. తీసే అమ్మాయి వాడి పొట్టకి జిగురు రాసి, "ఊపిరి బిగబట్టండి తాతగారూ, ఆ, వదలండి" అంటూ మధ్యమధ్యలో తన ఇంటి ఓనరమ్మ నీళ్ళ దగ్గర ఎంత రాద్ధాంతం చేస్తుందో నాకు చెబుతోంది. చెబుతూ చెబుతూ టక్కున ఆపేసింది. చేతిలోదాన్ని ఒకేచోట పెట్టి అటు వంచింది, ఇటు వంచింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"రాయి దొరికిందా తల్లీ?" అన్నాను.

"రాయి లేదమ్మమ్మా."

రాయి లేదంటే మంచి మాటే కదా. కానీ ఆ పిల్ల ఆ మాట నా మొహం చూడకుండా చెప్పింది. మా వాడు మాత్రం పొట్ట తుడుచుకుంటూ లేచి, "చూశావా అక్కా, రాయి లేదంట. అనవసరంగా ఒక పూట పాడు చేశావు. పోదాం పద" అన్నాడు.

"కూర్చోండి తాతగారూ" అంది ఆ అమ్మాయి. "పెద్ద డాక్టరుగారితో మాట్లాడకుండా వెళ్ళకండి."

వాడి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత వాడు చేసిన పని ఎవరికీ అర్థం కాదు. వాడు గొడుగులు బాగుచేసేవాడు. పాత మేడ ఒకదానికి మెట్ల కింద మూలగా ఒక సందుంటుంది, అదే వాడి కొట్టు. నిలబడితే తల తగిలేది. అందుకని పని చేసినంతకాలం కూర్చునే బతికాడు. చుట్టూ మేకులకి గొడుగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడేవి. ఒళ్ళో రేకుపెట్టె, పెట్టెలో ఊచలు, స్ప్రింగులు, సూదులు, నల్లదారం. పెదాల మధ్య ఎప్పుడూ సిగరెట్టు. రెండు చేతులకీ పనుంటుంది కాబట్టి అది తీసేవాడు కాదు. అక్కడే పొగ పీల్చేవాడు, అక్కడే వదిలేవాడు, ఆ పొగలోనే సూదిలో దారం ఎక్కించేవాడు.

వానాకాలంలో ఊపిరాడనంత పని. ఎండాకాలంలో సంచులకి జిప్పులు వేసుకుంటూ గడిపేవాడు. ఎవరైనా కొత్త గొడుగు వేసుకుని ముందునుంచి టింగుటింగుమంటూ పోతుంటే, "వెళ్ళిరా నాయనా, వెళ్ళిరా. ఎప్పటికైనా ఈ మెట్ల కిందకి రావాల్సిందానివేగా" అనేవాడు. ఆ మనిషితో కాదు, గొడుగుతో. ఆ మనిషి తిరిగి చూసి పిచ్చివాడనుకుని పోయేవాడు.

ఏదైనా మడిచే వస్తువంటే వాడికి నమ్మకం లేదు. మడత దగ్గరే పోతుందక్కా ఏదైనా, అనేవాడు. వాళ్ళింట్లో మడత మంచం లేదు, మడత కుర్చీ లేదు. నా మోకాళ్ళ కోసమని నేనొక మడత కుర్చీ కొనుక్కుని వాళ్ళింటికి తీసుకెళ్తే, నేను మొహం కడుక్కుని వచ్చేలోగా దానికి నాలుగువైపులా తీగ చుట్టి బిగించేశాడు. "ఇప్పుడు కూర్చో. ఇక పడవు" అన్నాడు. మడవడానికే కదరా కొనుక్కుంది అంటే వినడు. ఆ కుర్చీ ఇంకా అలాగే ఉంది, గుమ్మంలో పట్టదు, మంచం పక్కన పడుంది.

ఇలాంటివాడికి ఆ జబ్బు రావడం ఒక ఎత్తు. దానికి వైద్యం ఆ డాక్టరమ్మ చెప్పిన తీరు ఇంకో ఎత్తు.

ఆమె రక్తనాళాల డాక్టరు. నా మనవరాలంత ఉంటుంది. నెమ్మదైన పిల్ల, ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. "పెద్దాయనా, గుండె నుంచి కాళ్ళ వైపు రక్తం దిగే పెద్ద నాళం ఒకటుంటుంది. కడుపులో, వెన్నెముకకి ముందు. బొటనవేలంత లావుండాలి. మీకు ఒకచోట ఉబ్బి కమలాపండంత అయింది. అక్కడ గోడ పల్చబడిపోయింది" అంది.

"నాకేం నొప్పి లేదమ్మా" అన్నాడు వీడు.

"నొప్పి రాకముందే దొరకడం మీ అదృష్టం. నొప్పి వచ్చిందంటే అది కారుతోందనో, పగలబోతోందనో అనుకోవాలి."

"పగిలితే?" అని నేనడిగాను. వీడు అడగడని నాకు తెలుసు.

"చాలామంది ఆసుపత్రి దాకా రాలేరు పెద్దమ్మా" అంది. మంచినీళ్ళు తాగుతారా అన్నంత మెత్తగా అంది. నా పక్కన, కబురందుకుని వచ్చిన మా మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు చెప్పింది, రెండు దారులున్నాయని. మొదటిది, రొమ్ము కింద నుంచి బొడ్డు కిందదాకా పొట్ట తెరవడం. నాళానికి పైనొకటి, కిందొకటి పట్టుకారు వేసి, రక్తం ఆపి, ఉబ్బిన చోట గుడ్డతో నేసిన గొట్టం పెట్టి కుట్టెయ్యడం. పెద్ద ఆపరేషను. చాలా రోజులు ఆసుపత్రిలో, నెలల తరబడి ఇంట్లో. వందమందికి చేస్తే నలుగురైదుగురు దక్కరు. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళయితే ఇంకా ఎక్కువమంది. కానీ గట్టెక్కితే ఇక దాని గొడవ దాదాపు ఉండదు.

"రెండోది పొట్ట కోయనిది" అంది. "తొడల మొదట్లో రెండు చిన్న గాట్లు పెడతాం. ఒక గొట్టాన్ని సన్నగా మడిచి అందులోంచి పైకి పంపిస్తాం. ఉబ్బిన చోటికి చేరాక అది గొడుగులా తెరుచుకుంటుంది. ఇక రక్తమంతా దాని లోపలినుంచే పోతుంది, పల్చబడిన గోడ మీద ఒత్తిడి పడదు."

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న మా వాడు తలెత్తాడు.

"దేనిలా?"

"గొడుగులా."

"ఊచలుంటాయా?"

"సన్నటి లోహపు తీగలుంటాయి. వాటికి గుడ్డ."

"అంటించి ఉంటుందా, కుట్టి ఉంటుందా?"

"కుట్టే ఉంటుంది" అని ఆ పిల్ల సంబరపడింది, ఇంత చక్కగా ఎవరూ అడగలేదని. "మీరేం చేస్తుంటారు పెద్దాయనా?"

"గొడుగులు బాగుచేస్తానమ్మా."

ఆమె నవ్వేసింది. "అయితే ఇక మీకు నేను చెప్పేదేముంది!"

ఆ నవ్వే మా కొంప ముంచింది. ఆ తర్వాత ఆమె చెప్పిన ముక్క ఒక్కటి కూడా వాడి చెవికెక్కలేదు. నేను విన్నాను. మీ ఊపిరితిత్తులకి రెండోదే మంచిది అంది. వందకి ఒకరో ఇద్దరో తప్ప అందరూ బయటపడతారు, రెండు మూడు రోజుల్లో ఇంటికెళ్ళొచ్చు అంది. దాచకుండా ఇంకోటీ చెప్పింది. ఇది పెట్టాక ఏటేటా స్కాన్ తీయించుకోవాలి, బతికినంతకాలం. పక్కలనుంచి రక్తం కారొచ్చు, గొట్టం జారొచ్చు, మళ్ళీ సరిచేయాల్సి రావచ్చు. కొన్నేళ్ళు పోయాక లెక్కేస్తే ఇటు చేయించుకున్నవాళ్ళూ అటు చేయించుకున్నవాళ్ళూ దాదాపు సమానంగానే మిగులుతారట. నాకు అర్థమైందేమిటంటే, ఒకటి ప్రమాదమంతా ఒక్కరోజులో లాగేసుకుంటుంది, రెండోది వాయిదాల్లో అడుగుతుంది. అరవై దాటి, దగ్గుతో మెలికలు తిరిగేవాడికి ఏది మంచిదో చెప్పడానికి నేను బడికెళ్ళి ఉండక్కర్లేదు.

లేచేముందు ఆమె ఇంకొక్క మాటంది. "కిడ్నీలకి పోయే కొమ్మల కింద, ఉబ్బు మొదలయ్యేలోగా, ఒక వేలెడంత మంచి గోడ మిగిలుంది. గొట్టం పై అంచు దాన్నే పట్టుకుని నిలబడాలి. ఉబ్బు పైకి పాకితే ఆ చోటు పోతుంది. ఆలోచించుకోండి, కానీ నాన్చకండి."

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పక్కన ఒక రిటైరైన బస్సు డ్రైవరున్నాడు, భారీ మనిషి. వీడి మొహం చూసి, "నీకూ అదేనా?" అన్నాడు. ఆడవాళ్ళున్నారన్న సిగ్గు కూడా లేకుండా చొక్కా ఎత్తి చూపించాడు. రొమ్ము నుంచి కిందిదాకా మచ్చ, బస్తా మూతి కుట్టినట్టు.

"ఎనిమిదేళ్ళయింది బావా" అన్నాడు. చూసి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే బావట. "ఒక్కసారి కోశారు, కుట్టారు, అయిపోయింది. ఇప్పుడు మా ఆవిడని చూపించడానికి వచ్చా గానీ నాకోసం కాదు. ఆ సందుల్లోంచి దూర్చేవి నాకొద్దన్నా. బండికి ఇంజను పోతే బానెట్ ఎత్తాలి గానీ పొగగొట్టంలోంచి చెయ్యి పెడతారా?"

"అదీ మాట!" అన్నాడు మా వాడు. అంత వెలుగు నేను వాడి మొహంలో ఆ ఏడాదంతా చూడలేదు.

"ఏమయ్యా, నువ్వు సిగరెట్లు కాలుస్తావా?" అని డ్రైవరుని అడిగాను.

"ఛ, జన్మలో ముట్టలేదమ్మా."

"విన్నావురా?" అన్నాను. వాడు వినలేదు. మచ్చ వైపే చూస్తున్నాడు, కుట్టు ఎంత ఒడుపుగా పడిందో అని.

ఇంటికొచ్చాక తేల్చేశాడు. కోయించుకుంటాను, గొడుగు మాత్రం వద్దు.

"ఒరేయ్, ఆమె మాటవరసకి గొడుగంది. నీ మెట్ల కింద గొడుగు కాదురా అది."

"తీగ ఉందందా లేదా? తీగకి గుడ్డ కుట్టారందా లేదా? మడిచి పంపిస్తారందా లేదా? ఇంకేం కావాలక్కా గొడుగవడానికి? పిడి కావాలా?"

"వదినా, మీరైనా చెప్పండి" అని మా మరదలు నా మీద పడింది. చెప్పడానికి నేనేమైనా నోరు కట్టుకుని కూర్చున్నానా! తిట్టాను, బుజ్జగించాను, మన నాన్న నిలుచున్నవాడు నిలుచున్నట్టు కూలిపోయింది ఇందుకేనేమోరా అని భయపెట్టాను. అప్పుడు మాత్రం ఒక్క క్షణం చేతిలో గ్లాసు ఆగింది. తర్వాత, "నేను వైద్యం వద్దనట్లేదుగా. గట్టిది చేయించుకుంటానంటున్నా. వాన మొదలైతే గొడుగు ఎన్నిసార్లు తిరగబడుతుందో నాకు తెలుసు. నా కడుపులో రోజంతా వానే కదా" అన్నాడు.

తప్పుడు లెక్కే, కానీ లెక్కలా వినిపిస్తుంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు జేబులోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. గొడుగు తీగతో, నల్లగుడ్డతో వేలెడంత గొట్టం చేసుకొచ్చాడు. మడిస్తే పెన్సిలంత, వదిలితే విచ్చుకుంటుంది. ముద్దుగా ఉంది, చూస్తే చిన్నపిల్లలకి ఇవ్వాలనిపిస్తుంది. మెడ దగ్గర మాత్రం ఒక తీగ విరిగి గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది.

"నేను చేశా తల్లీ. తెరిచా, మూశా, తెరిచా, మూశా. ఇదిగో ఇక్కడ పోయింది. నీది ఎక్కడ పోతుంది?"

ఆమె నవ్వలేదు. వేళ్ళతో తిప్పి తిప్పి చూసింది. "పెద్దాయనా, మాది ఒక్కసారే తెరుచుకుంటుంది. మళ్ళీ మూసుకోదు. మడతపడి విరిగే పనే లేదు."

ముడి విడిపోయిందనుకున్నాను. మా మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మూసుకోదా?" అన్నాడు వాడు.

"మూసుకోదు."

"అంటే బాగోలేదనుకో, మూసి బయటికి లాగడానికి కుదరదు."

ఆ పిల్ల అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "కుదరదు. అవసరమైతే దాని మీద ఇంకో ముక్క వేస్తాం. అదీ కుదరకపోతే అప్పుడు పొట్ట తెరవాలి. కానీ చాలామందికి ఆ అవసరం రాదు."

"చాలామంది గొడుగులు నా దగ్గరికి రావు తల్లీ. పోయినవే వస్తాయి. నేను చూసేవి అవే."

"మరి రానివాటిని తలుచుకోవేంరా, మొద్దు మొహమా!" అని అరిచాను నేను. బయట నర్సు తలుపు తీసి చూసింది. ఆ ఊపులోనే డాక్టరు మీదా పడ్డాను. "నిన్ను కూడా అనాలి తల్లీ. గొడుగనే ఎందుకన్నావు? ఇంకే వస్తువూ దొరకలేదా నీకు?"

"అందరికీ అలాగే చెప్తాను పెద్దమ్మా. టక్కున అర్థమవుతుందని."

"అందరికీ అర్థమైంది. వీడికి ఎక్కువ అర్థమైంది. ఇంకో మాట చెప్పు వీడికి, నీకు పుణ్యముంటుంది."

పాపం, ఆలోచించింది. "చొక్కా లోపల బనీను అనుకోండి."

"ఇప్పుడు బనీనంటే నమ్ముతానా తల్లీ?" అన్నాడు మా వాడు. "ముందే నోరు జారావుగా."

ఆమె అటూ ఇటూ వాదించి చివరికి ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. ఎంత గట్టిగా ఊదితే గీత అంత పైకి పోవాలట. వీడు ఊదాడు, గీత కాస్త లేచి చచ్చినపాములా పడుకుంది. వీడికి దగ్గు తెర వచ్చింది. పొట్ట పట్టుకుని దగ్గుతుంటే డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. దగ్గు ఆగేదాకా ఆమె వాడి కడుపు మీదినుంచి చూపు తీయలేదు.

"ఈ ఊపిరితో పొట్ట తెరిస్తే నాళం బాగానే ఉంటుంది. మీరే ఊపిరి యంత్రం మీదినుంచి దిగలేరు" అంది. "గొట్టం వేయించుకుంటానంటే ఈ వారంలోనే చేస్తాను. కోయడమే అంటే ముందు సిగరెట్లు పూర్తిగా మానాలి, ఊపిరి కసరత్తు చేయాలి, అప్పుడు మళ్ళీ పరీక్ష. అన్ని రోజులు ఆగడం నాకిష్టం లేదు."

"ఆగుతా తల్లీ" అన్నాడు. ఆగడమంటే వాడికి ఎప్పుడూ ఇష్టమే.

బరువులెత్తొద్దంది, దొడ్డికెళ్ళినప్పుడు ముక్కొద్దంది, రక్తపోటు మాత్ర మానొద్దంది. నడుములో గానీ కడుపులో గానీ కొత్తగా నొప్పొస్తే, ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచి రావాలంది. ఆ చివరి మాట మా ముగ్గురికీ విడివిడిగా చెప్పింది.

ఊపిరి కసరత్తుకని ఒక ప్లాస్టిక్ బొమ్మ ఇచ్చారు. మూడు గదులు, మూడు బంతులు. గొట్టం నోట పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. మామూలు మనిషి పీలిస్తే మూడూ లేస్తాయి. మా మరదలు పీలిస్తే లేచాయి. నేను పీలిస్తే రెండు లేచి మూడోది ఊగింది. వాడికి మొదటిది లేచేది, రెండోది ఉలిక్కిపడేది, మూడోది ఎన్నడూ కదల్లేదు. పొద్దున పీల్చేవాడు, సాయంత్రం పీల్చేవాడు. ఆ బంతి లేవడం కోసం ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. టక్, టక్ అని మొదటి బంతి చప్పుడు వినిపించేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి చప్పుడు వింటే నేను అక్కడినుంచి లేచి పోతాను.

సిగరెట్లు మానేశానన్నాడు. కొట్టు పక్కన చెప్పుల షాపాయనని అడిగాను. "మానేశాడమ్మా, నా ముందు" అన్నాడు ఆయన నవ్వుతూ. ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అంతలో వానలు పడ్డాయి.

మామూలుగా వాన పడితే వాడి మొహం విచ్చుకునేది. ఆ ఏడు ఆకాశం నల్లబడుతుంటే నేను వానని తిట్టుకునేదాన్ని. మెట్ల కింద జనం, చేతుల్లో విరిగిన గొడుగులు, నాది ముందంటే నాది ముందు. వాడు వంగి కూర్చుని తలెత్తేవాడు కాదు. "వానలు వెలిశాక చూద్దామక్కా" అన్నాడు. పరీక్షకి రమ్మని ఆసుపత్రి నుంచి ఫోను చేస్తే మా మరదలికి సైగ చేసి, లేనని చెప్పించాడు. ఇంట్లో పడుకున్నప్పుడు పొట్ట మీద తలగడ పెట్టుకునేవాడు. అది కదులుతుంటే పెళ్ళాం చూడకూడదని. ఇప్పుడిక తలగడే కదిలేది.

ఒకరోజు మధ్యాహ్నం జోరువాన. ఫ్లాస్కులో టీ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. నలుగురైదుగురు తడిసి వణుకుతూ నిలబడున్నారు. వాడు గోడకి ఆనుకుని కూర్చుని కుడుతున్నాడు. అందరూ చలికి వణుకుతుంటే వాడి నుదుటి నుంచి చెమట కారుతోంది. మొహం పాత సున్నం రంగులో ఉంది.

"ఎప్పట్నుంచిరా?"

"ఏది?"

"నా దగ్గరా వేషాలు? నొప్పి ఎప్పట్నుంచి?"

"నడుమక్కా. పొద్దుట్నుంచి కాస్త పట్టేసింది. కూర్చుని కూర్చుని..."

"లే."

"ఈ రెండు కుట్లు వేసేసి. పాపం ఆవిడ తడిసిపోతోంది."

ఆ గొడుగు వాడి చేతిలోంచి లాగి రోడ్డు మీదకి విసిరాను. ఆ గొడుగు తెచ్చినావిడ వాడి మొహం చూసి పక్కకి తప్పుకుంది. చెప్పుల షాపాయన తన కారు మెట్ల దాకా తెచ్చాడు. వాడిని లేపి నిలబెడితే కాళ్ళు నిలవలేదు. కారులో నా భుజం మీద తల వాల్చి, "కొట్టుకి తాళం వేశారా?" అని అడిగాడు. వేశామన్నాను. వేయలేదు.

ఆసుపత్రిలో స్కాన్ తీసిన కాసేపటికే డాక్టరమ్మ వచ్చేసింది, జుట్టు తడిగా, ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చినట్టు. మా మరదలు కూడా అప్పటికి చేరుకుంది. డాక్టరు మంచం పక్కకి వంగింది.

"కారుతోంది పెద్దాయనా. ఇంకా పూర్తిగా పగల్లేదు. వెనకవైపు కండ అడ్డుపడి ఆపింది. ఎంతసేపు ఆపుతుందో చెప్పలేను."

మా వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తల్లీ, అదే పెట్టెయ్. ఆ గొడుగే పెట్టెయ్. ఏటేటా వస్తా. నువ్వెప్పుడు రమ్మంటే అప్పుడొస్తా."

ఆమె ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

"ఉబ్బు పైకి పాకింది. పట్టుకోవడానికి చోటు లేదు. నా దగ్గరున్నవాటిలో అక్కడ నిలిచేది లేదు. ఇలాంటి చోటుకి కొలతలిచ్చి వేరే చేయించాలి, వారాలు పడుతుంది."

"చోటుందన్నావుగా అప్పుడు."

"అప్పుడుంది."

"మరిప్పుడు?"

"పొట్ట తెరవాలి."

వాడు నావైపు తిరిగాడు. చిన్నప్పుడు నూతిలోకి తొంగిచూసి జారబోతే జుట్టు పట్టి లాగాను, అప్పటిలాగే చూశాడు. "అక్కా, కోయొద్దని చెప్పవే. నీ మాట వింటుంది."

ఇన్ని రోజులూ కోయమని పోరినవాడు. మా మరదలు సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుని, "వదినా, పెట్టనా?" అంది. పెట్టవే అన్నాను. పెట్టకపోతే ఆ మంచం మీదే పోతాడు, పెడితే కాసేపైనా ఉంటాడు. అంత తేలికైన లెక్క మళ్ళీ నాకెప్పుడూ తగల్లేదు, అంత పాడు లెక్కా తగల్లేదు. చక్రాల మంచం తోసుకుపోతుంటే వాడు ఇంకా డాక్టరునే అడుగుతున్నాడు, ఇంకోసారి కొలిచి చూడు తల్లీ, ఇంకోసారి చూడు, అని.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. బట్టలమీద రక్తం. "నాళం బాగా కుదిరింది పెద్దమ్మా. ఎక్కడా కారట్లేదు. ఇక ఊపిరి దగ్గరే ఉందంతా" అంది. గోడకి ఆనుకుంది. ఆ పిల్ల చేతులు కడిగి కడిగి ఎర్రగా ఉబ్బిపోయాయి.

యంత్రం ఊపిరి పోస్తుంటే వాడి రొమ్ము లేచిపడేది, ఎవరో బయటినుంచి పంపుకొడుతున్నట్టు. కొన్నాళ్ళు అలా ఉంచారు. ఒకరోజు పొద్దున ఊపిరి గొట్టం తీసి చూద్దామన్నారు. తీశారు. వాడు తనంతట తాను పీల్చాడు. మా మరదలు గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వింది. నన్ను లోపలికి వెళ్ళనిచ్చారు.

గొంతు గరగరలాడుతోంది. "అక్కా, కుట్టు బాగా కుదిరిందట కదా?"

"కుదిరిందిరా. మళ్ళీ దాన్ని ముట్టుకోనక్కర్లేదట."

"గట్టి పనే."

"గట్టి పనే."

వాడి రొమ్ము గబగబా ఎగురుతోంది. మెడ నరాలు తాళ్ళలా పైకి తేలుతున్నాయి.

"మరి ఊపిరెందుకు అందట్లేదే?"

"అందుతుంది. ఉన్న ఊపిరంతా మాటలకే పోగొట్టుకుంటున్నావు. నోరు మూసుకుని పడుకో" అని కసిరాను.

నోరు మూసుకున్నాడు. బుద్ధెరిగినప్పటినుంచి నేను చెప్పిన మాట వాడు ఎదురు చెప్పకుండా విన్నది ఆ ఒక్కసారే. సాయంత్రానికి మళ్ళీ గొట్టం వేశారు. ఇక తీయలేదు.